కోడెక్ లేదండీ!

ఆ రోజుల్లో వీడియో చూడటమంటే ఇప్పట్లా తెరమీద వేలితో తాకి కూర్చోవడం కాదు. ముందు దాని జాతకం చూడాలి. ఏ కెమెరాలో పుట్టింది, ఏ పద్ధతిలో మడతపడింది, వెంట ఏ శబ్దాన్ని తెచ్చుకుంది అని విచారించి, అన్నీ కుదిరాక కూడా అది ఆడుతుందన్న నమ్మకం ఉండేది కాదు. బొమ్మ వస్తే మాట వచ్చేది కాదు. మాట వస్తే బొమ్మ పచ్చగా అయిపోయేది. రెండూ వస్తే, అలిగిన మొగుడూ పెళ్లాల్లా ఒకదాని వెనక ఒకటి నాలుగడుగుల దూరంలో నడిచేవి. వీటన్నిటికీ మూలం కోడెక్ అనే పదార్థం. పెద్ద వీడియోని పట్టుచీర మడిచినట్టు మడిచి చిన్న ఫైల్లో కుక్కుతారు కదా, ఆ మడత విప్పే తెలివి కంప్యూటర్‌కి ఉండాలి. ఆ తెలివి పేరే కోడెక్. అది లేకపోతే ఎంత గొప్ప కంప్యూటర్ అయినా తెల్లమొహం వేసేది (నల్లమొహం అనాలేమో, తెర నల్లగా ఉండేది కాబట్టి).

తెనాలిలో నా మొదటి ఉద్యోగం ఈ మడతలు విప్పే చోటే దొరికింది. డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైనా కాలేదు, మా సారు (కంప్యూటర్ షాపు ఓనరు, అందరూ సారనేసరికి ఆయన నడకలో కూడా మేష్టరుతనం వచ్చేసింది) నా పేరు కింద ‘సిస్టమ్ ఇంజినీర్’ అని వేసి కార్డులు కొట్టించారు. మా అమ్మ వాటిలో సగం పాలవాడితో మొదలుపెట్టి పక్కవీధి పేరంటాల దాకా పంచేసింది. నిజానికి నాకు తెలిసిన ఇంజినీరింగు ఏమిటంటే, పనిచేయకపోతే ఆపి మళ్లీ పెట్టడం. అప్పటికీ చేయకపోతే సారుకి ఫోన్ చేయడం. ఇది కనిపెట్టే కాబోలు, సారు మొదటి వారంలోనే నాకు వృత్తి రహస్యం ఉపదేశించారు. “చూడమ్మా, కస్టమరు ముందు ‘తెలీదు’ అన్నమాట మన నోట రాకూడదు. షాపు పరువు పోద్ది. నీకేం అర్థంకాకపోయినా ‘కోడెక్ లేదండి’ అను. వాళ్లే పాపం అనుకుంటారు.” ఆ మంత్రం మహిమ ఏమని చెప్పను! ఒకసారి ప్రింటర్‌లో ఇంకు అయిపోయినా కంగారులో అదే అన్నాను. కస్టమరు పెద్ద విషయం తెలిసినట్టు తలూపి వెళ్లిపోయాడు.

అలాంటి నన్ను సారు ఒక గురువారం రేపల్లె పంపారు. అక్కడొక ఇంట్లో గోడంత టీవీ కొన్నారు, ఐదు స్పీకర్లు పెట్టారు, వాటికి కలపడానికి మా షాపులో కంప్యూటర్ చెప్పారు. హోమ్ థియేటర్ అన్నమాట. రేపల్లె పాసింజర్లో ఆ డబ్బాని కిందపెట్టడానికి మనసొప్పక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. “లోపలేముందమ్మా, అంత పదిలంగా పట్టుకున్నావు?” అని పక్కనావిడ అడిగితే “సినిమా హాలండి” అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి కొంచెం పక్కకి జరిగి కూర్చుంది.

ఆ ఇంటివాళ్ల సొంతూరు సముద్రం వైపున్న అడవులదీవి. అక్కడ పడవలున్నాయి, రేపల్లెలో చేపల వ్యాపారం. ఇంటి యజమానిని పెద్దాయన అంటాను. ఒక పడవ మీంచి ఇంకో పడవకి కేకేసి అలవాటైన గొంతు ఆయనది. ఎదురుగా నిలబడ్డవాళ్లతో కూడా అదే గొంతుతో, చెయ్యి నిలువునా పైకెత్తి మాట్లాడేవారు. “ఏంటమ్మాయ్, అబ్బాయిలెవరూ దొరకలేదా మీ సారుకి?” అన్న మొదటి కేకకే నా చేతిలో వైరు జారిపోయింది. మూల కుర్చీలో కూర్చున్న ఆయన తల్లి, మామ్మగారు, “ఊరుకోరా, ఆడపిల్లయితే పనవ్వదా? దా అమ్మా, ముందు మజ్జిగ తాగు” అంది. నేను వైర్లు కలుపుతున్నంతసేపూ ఆవిడే ఆ టీవీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది.

విషయం ఏమిటంటే, తొమ్మిదేళ్ల కిందట పెద్దాయన పెద్దకూతురి పెళ్లయింది. వంటల దగ్గర పెత్తనమంతా ఆయన తమ్ముడిది. చిన్నాయన తెల్లారి నుంచీ గాడిపొయ్యి దగ్గరే ఉండి, అన్ని బంతులకీ దగ్గరుండి వడ్డన చేయించాడు. ఆఖరి బంతిలో మిగిలిన వాళ్లంతా కూర్చున్నారు. “తమ్ముడూ, నువ్వూ వచ్చి కూర్చోరా” అని మాత్రం ఎవరూ అనలేదు. సొంత మనిషే కదా, పిలవాలా అనుకుంటారు పరాయివాళ్లు. మన వైపు సంగతి మీకు తెలియనిదేముంది, పరాయివాడికి ఒక పిలుపు చాలు, సొంతవాడికి రెండు కావాలి. చిన్నాయన ఖాళీ కడుపుతో బస్సెక్కి బాపట్లలో తనింటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్న గడప తొక్కలేదు. “పిలవలేదు” అని ఆయన. “పిలిచాను” అని ఈయన. సాక్ష్యం పెళ్లి వీడియో. అందులో ఆఖరి బంతి దగ్గర పెద్దాయన నిలబడి చెయ్యి నిలువునా ఎత్తి, నోరు తెరిచి ఏదో కేకేస్తారు. ఏమని కేకేశారో దేవుడికి తెలియాలి, ఎందుకంటే స్టూడియోవాళ్లు అక్కడ ఒక ప్రేమపాట వేశారు.

“పడవ మీద గాలికి మాట ఇనపడదమ్మా. చెయ్యెత్తామంటే మనిషిని పిలిచినట్టే. ఈ సంగతి ఆడికి తెలీదా? ఆ చిన్న టీవీలో నా నోరు సరిగా కనపళ్లేదు. దీన్లో కనపడుద్ది” అన్నారు పెద్దాయన. అంటే ఆ గోడంత టీవీ, ఆ ఐదు స్పీకర్లు, నా ఒళ్లో కూర్చుని వచ్చిన కంప్యూటరు, అన్నీ ఒక తమ్ముణ్ణి ఒప్పించడానికన్నమాట. నాకు నవ్వొచ్చింది కానీ మామ్మగారి మొహం చూసి ఆపుకున్నాను. వచ్చే నెలలో రెండో మనవరాలి పెళ్లి. “అన్నయ్య తప్పు ఒప్పుకుంటే వస్తా” అంటున్నాడు చిన్నాయన. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోను అంటున్నారు పెద్దాయన. “నా ఇద్దరు కొడుకులూ ఒక బంతిలో కూర్చుని తింటే చూడాలమ్మా. నాకింకేం వద్దు” అంది ఆవిడ. ఆదివారం చిన్నాయన వస్తున్నాడట, ఆ వీడియో చూడటానికి మాత్రమేనట.

ఇంత బరువైన బాధ్యత మోస్తున్నానన్న ఉత్సాహంలో నేను చేసిన ఘనకార్యం వినండి. కంప్యూటర్‌లో ఒక కోడెక్ పెట్టె (నానారకాల కోడెక్‌లని కట్టగట్టిన సాఫ్ట్‌వేర్) వేస్తే వీడియో ఆడుతుందని సారు చెప్పారు. ఒకటి వేస్తే ఆడేది, మూడు వేస్తే ఇంకా బాగా ఆడుతుంది కదా అని నా సొంత బుర్ర చెప్పింది. మూడూ వేశాను. ముగ్గురు వంటవాళ్లు ఒకే గరిటె కోసం కొట్టుకున్నట్టయింది లోపల. వీడియో మొదలైంది, రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి, పెళ్లి మాత్రం తలకిందులుగా జరుగుతోంది. పెళ్లికొడుకు తల కింద, కాళ్లు పైన. తలంబ్రాలు పైకి పడుతున్నాయి. “శుభమా అని పెళ్లి పెట్టుకుని ఇదేం చోద్యమే!” అని మామ్మగారు కళ్లు మూసుకుంది. పెద్దాయన మెడ ఒక పక్కకి వంచి, ఇంకా వంచి, ఆఖరికి సోఫాలో తలకిందులుగా పడుకున్నంత పనిచేసి, “ఏంటమ్మాయ్ ఇది?” అన్నారు.

“కోడెక్ లేదండి” అన్నాను. (మూడున్నాయి. ఆ మాటని అంత పచ్చి అబద్ధంగా అంతకుముందు ఎప్పుడూ వాడలేదు.)

“దానికింత ఆలోచనెందుకు? టీవీయే తిరగేస్తే పోలా?” అని ఆయన చెయ్యి పైకెత్తి ఒక్క కేక పెట్టారు. వెనక షెడ్డులో ఐసు పెట్టెలు సర్దుతున్న నలుగురు పరిగెత్తుకొచ్చారు. వాళ్లు టీవీని నిజంగానే గోడ నుంచి దించబోతుంటే నేను అడ్డంపడి, “వద్దండి బాబాయ్‌గారూ, శనివారం వచ్చి సరిచేస్తానండి” అని కాళ్లావేళ్లా పడి బయటపడ్డాను. ఆ విషయం విన్న మా సారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. తర్వాత, “మూడేశావా?” అని ఒక్కటే అడిగారు.

శనివారం మధ్యాహ్నం వెళ్లి అన్నీ తుడిచేసి మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఒకే ప్లేయరు, ఒకే కోడెక్ పెట్టె. పెళ్లి తిన్నగా నిలబడింది. భోజనాలై ఇల్లంతా కునుకు తీస్తోందని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్పీకర్ల లెక్కలు సరిచూస్తున్నాను. అప్పుడు తెర కింది మూల, గడియారం పక్కన, కొత్తగా వచ్చిన ఒక చిన్న గుర్తు కనిపించింది. నొక్కితే ‘శబ్దం ఒకటి, శబ్దం రెండు’ అని వచ్చింది. స్టూడియోవాళ్లు అప్పట్లోనే క్యాసెట్‌ని ఫైలుగా మార్చినప్పుడు పాటల్ని ఒక పొరగా, పెళ్లి రోజు కెమెరా విన్న అసలు మాటల్ని ఇంకో పొరగా ఉంచేశారు. మామూలు ప్లేయరు మొదటిదే ఆడుతుంది కాబట్టి తొమ్మిదేళ్లూ రెండోదాని ఉనికి ఎవరికీ తెలియలేదు. రెండోది నొక్కి, ఆఖరి బంతి దగ్గరికి వెళ్లాను.

పాట పోయింది. విస్తళ్ల చప్పుడు, పిల్లల ఏడుపు, దూరంగా సన్నాయి. పెద్దాయన చెయ్యి నిలువునా లేచింది. ఆ పడవ గొంతు స్పష్టంగా వినిపించింది. “ఎవర్రా అక్కడ! పెరుగు పట్రండి! వియ్యంకుడుగారి విస్తట్లో పెరుగు లేదు!”

పెరుగు! ఆయన పిలిచింది పెరుగుని. పక్కున నవ్వాను. ఆ వెంటనే కెమెరాకి బాగా దగ్గర్నుంచి ఇంకో గొంతు, “తెస్తన్నా అన్నయ్యా!” అంది. చిన్నాయనది. బక్కెట్టు చప్పుడు. మళ్లీ అదే గొంతు, ఎవరికో తగ్గించి చెబుతోంది. “ఇదుగో, ఈ గారెల గిన్నె కదపబాక. అన్నయ్య పొద్దుట్నుంచీ మంచినీళ్లు తప్ప ఏం తాగలా. ఆయన కూర్చునేదాకా దీనిమీద మూత తియ్యొద్దు, చల్లారిపోతయ్.” అంతే. తర్వాత మళ్లీ విస్తళ్ల చప్పుడు. నాకు కళ్లు ఎప్పుడు నిండాయో తెలియలేదు.

“ఏంటమ్మాయ్, మాటొచ్చిందా?” కునుకు తీసి లేచిన పెద్దాయన నా హెడ్‌ఫోన్లు చూస్తూ గుమ్మంలో నిలబడ్డారు. మొహంలో ఎంత ఆశ! తొమ్మిదేళ్లుగా తను పిలిచానని నిజంగానే నమ్ముతున్న మనిషి. అబద్ధమాడటం లేదాయన, మరిచిపోయారు. ఇప్పుడు నేను ఏ మొహంతో చెప్పను, బాబాయ్‌గారూ, మీరు పిలిచింది తమ్ముణ్ణి కాదు, పెరుగుని అని? నోటికొచ్చింది అనేశాను. “కోడెక్ లేదండి.”

ఆయన నిరాశగా వెళ్లిపోయారు. మూల కుర్చీలోంచి మామ్మగారు లేచి, మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. “నువ్వు ముందు నవ్వావు, తర్వాత ఏడ్చావు. మాట రానిదానికి ఎవరైనా ఏడుస్తారా అమ్మా?” అంది. ఇంకేం దాచను! హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకే పెట్టాను. ఆవిడ మొత్తం విని, “గారెలు” అంది. హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, “రేపు ఇదే వెయ్యి” అంది.

“పెద్దాయన పరువు పోతుందేమోనండి, మామ్మగారూ?”

“పోనియ్. తొమ్మిదేళ్లు మోశాడు, బరువు దిగుద్ది. కానీ ఆడు పెరుగు దగ్గరే ఆపమంటాడు, ఆడి సంగతి నాకు తెలుసు. గారెల మాట దాకా ఆపబాక. అది ఇనకుండా ఆపితే మాత్రం నా కొడుకులు ఇక ఈ జన్మకి కలవరు.”

ఆదివారం హాల్లో ఒక సోఫాలో పెద్దాయన, ఎదురు సోఫాలో బాపట్ల నుంచి వచ్చిన చిన్నాయన. మధ్యలో మామ్మగారు జడ్జీలా. పెళ్లికూతురు, ఇంటావిడ, షెడ్డు నుంచి ఆ నలుగురూ, అందరూ గుమ్మాల్లో. చిన్నాయన మంచినీళ్లు కూడా ముట్టలేదు. మౌసు పట్టుకున్న చేతిని చున్నీ కింద దాచుకున్నాను. రెండో శబ్దం నొక్కగానే ఐదు స్పీకర్లలోంచి పెళ్లి హాలంతా లేచి వచ్చింది. “చూడు, చూడు, ఇప్పుడే చెయ్యెత్తుతున్నా!” అని పెద్దాయన సోఫా అంచుకి వచ్చారు.

పెరుగు పట్రండి అన్న కేక ఇల్లంతా మోగింది.

పెద్దాయన మొహం నేను చూడలేకపోయాను. “ఆపమ్మాయ్” అన్నారు, మొదటిసారి మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది. మామ్మగారు నావైపు చూసింది. నా వేలు ఆపే మీట మీదే ఉంది, మౌసు నిక్షేపంలా ఉంది.

“ఆగట్లేదండి” అన్నాను.

“ఆపమంటుంటే!”

“ఆగట్లేదండి బాబాయ్‌గారూ! కోడెక్ లేదండీ!”

ఈలోపు చిన్నాయన గొంతు వచ్చేసింది. గారెల గిన్నె, మూత, మంచినీళ్లు తప్ప ఏం తాగలేదన్న మాట, అన్నీ ఐదు స్పీకర్లలోంచీ. అప్పుడు ఆపాను. కోడెక్ అకస్మాత్తుగా బాగుపడింది.

పెద్దాయన తమ్ముడి వంక చూశారు. “ఆ రోజు అందరూ అయ్యాక నేను కూర్చుంటే, నా విస్తట్లో ఆరు గారెలు పడ్డయ్. ఏడిగా ఉన్నయ్. వంటాయన మంచోడురా అనుకున్నా. నువ్వా?” చిన్నాయన తల దించుకుని, “పాత మాటలు ఇప్పుడెందుకులే అన్నయ్యా” అన్నాడు. వాదన గెలిచిన మనిషి గొంతు కాదు అది.

పెద్దాయన లేచి నిలబడ్డారు. హాలు మధ్యలో, ఆ టీవీ ముందే, అచ్చం వీడియోలోలాగే చెయ్యి నిలువునా పైకెత్తారు. ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషిని సముద్రం అవతల ఉన్నట్టు కేకేశారు. “ఒరే తమ్ముడూ! రారా! అన్నం తిందాం!”

చిన్నాయన కళ్లు తుడుచుకుంటూ లేచాడు. “నన్నేనా? మళ్లీ పెరుక్కోసం కాదు గదా?” అన్నాడు. ముందు మామ్మగారే నవ్వింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. మామ్మగారు తినకుండా వాళ్లనే చూస్తూ కూర్చుంది. నాకు వడ్డించింది ఎవరో, ఏం తిన్నానో గుర్తులేదు, ఏడుపు ఆపుకుంటూ తిన్నానన్నది మాత్రం గుర్తుంది.

మరుసటి నెల పెళ్లికి నన్నూ పిలిచారు. వీడియో తీసే అతనికి పెద్దాయన ముందే గట్టిగా చెప్పేశారట, “పాటలు వేశావంటే ఊరుకోను.” అన్నదమ్ములిద్దరూ బంతి బంతికీ తిరిగి ఒక్కొక్కరినీ పేరుపెట్టి, కెమెరా ఉందో లేదో చూసుకుని మరీ పిలుస్తున్నారు. నేను రెండో బంతిలోనే తినేసి చెయ్యి కడుక్కుంటుంటే పెద్దాయన కంటపడ్డాను. “తినేశానండి” అంటే, “నేను పిలవకుండా ఎట్టా తిన్నావు? కూర్చో” అని మళ్లీ కూర్చోబెట్టారు. నా విస్తట్లో గారె వేయిస్తూ వంగి, నాకు మాత్రమే వినపడేట్టు (ఆయన అంత చిన్నగా మాట్లాడగలరని నాకప్పుడే తెలిసింది) అడిగారు. “అమ్మాయ్, ఆ రోజు ఆగలేదన్నావే, ఆ కోడెక్ బాగుచేశావా?”

నా మొహం ఎర్రబడింది. “లేదండి” అన్నాను.

“చెయ్యబాక. అట్టాగే ఉండనీ” అని పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. మామ్మగారు ఇప్పుడు లేరు. ఇప్పుడు నా కూతురి ఫోన్లో ఏ వీడియో అయినా అడగకుండానే ఆడుతుంది, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది. మా అమ్మాయి నన్ను అడిగే లెక్కల్లో నాకు రానివి ఎక్కువే ఉంటాయి. పాత అలవాటుకొద్దీ “కోడెక్ లేదమ్మా” అంటుంటాను. “కోడెక్ అంటే అది కాదమ్మా” అని నా కూతురు ఓపిగ్గా వివరిస్తుంది. నేను కొత్తగా వింటున్నట్టే తలూపుతాను. కానీ అది చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు, చున్నీ కింద మౌసు దాచుకుని, “ఆగట్లేదండి” అని అరుస్తున్న ఒక సిస్టమ్ ఇంజినీరు కనిపిస్తుంది. పాపం ఆ పిల్లకి పనేమీ రాదు, కానీ ఎక్కడ ఆపకూడదో ఆ ఒక్క రోజు తెలిసింది.